వర్జ్యంలో తవ్విన కాలువ

ఫారో వేషానికి పన్నెండుమంది పిల్లలు దొరికారు. పూజారి వేషానికి ఐదుగురు. మట్టి తవ్వే వేషానికి ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు.

"మావాడు తట్ట మొయ్యడమేంటి మాస్టారూ! వీడియో తీసి ఇండియా పంపిస్తాం కదా, మా అత్తగారు చూస్తే ఏమనుకుంటారు?" అంది ఒక తల్లి. పక్కనున్న తండ్రి ఉదారంగా ఒక దారి చూపించాడు. "పోనీ అంకుల్, తవ్వేవాళ్ళ మీద సూపర్‌వైజర్ లాంటి రోల్ ఏదైనా ఉంటే చూడండి."

రాజారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసే మొదటి పని అది. రెండో పని మాట్లాడటం.

"ఐదువేల ఏళ్ళ క్రితం కూడా సూపర్‌వైజర్లకు కొరత లేదండీ. కాలువ మాత్రం వాళ్ళు తవ్వలేదు."

ఆ తండ్రి నవ్వాడు. జోకనుకున్నాడు.

రాజారావు భీమవరంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. జీవితంలో ఆయన గట్టిగా పట్టుకున్న అలవాట్లు రెండు. ఆధారం లేని మాటను నమ్మకపోవడం ఒకటి, నమ్మనిదాన్ని నమ్మనని పైకి చెప్పడం రెండోది. రెండో అలవాటు వల్ల బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు పిలుపులు తగ్గాయి. దాన్ని ఆయన లాభం కిందే జమకట్టుకున్నాడు. కూతురు సుస్మిత సింగపూర్‌లోని టాంపినీస్ పేటలో ఉంటుంది, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. ఆమె దగ్గరికి వచ్చిన ఏడాదే తెలుగు స్నేహ మండలి సెక్రటరీ రంగనాథ్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

జావా అన్న కంప్యూటరు భాష పేరు పలకగలిగిన ప్రతి కుర్రవాడికీ విమానం టిక్కెట్టు దొరుకుతున్న రోజులవి. ఆ టిక్కెట్లు కొనిచ్చి కుర్రవాళ్ళను కంపెనీలకు సరఫరా చెయ్యడమే రంగనాథ్ వ్యాపారం. మనిషి చెడ్డవాడు కాదు. అందరికీ సాయపడతాడు, అందరినీ నమ్ముతాడు, అన్నిటినీ నమ్ముతాడు. రాజారావు దృష్టిలో చివరిదొక్కటే అతని మీద ఫిర్యాదు.

"ఉగాది ప్రోగ్రాంకి పిల్లల చేత మంచి నాటిక వేయించాలి మాస్టారూ. హిస్టరీ. ఏదైనా పాత నది, దాని సివిలైజేషన్, అలాంటిది. నలభై నిమిషాలు మీవే. ఎవ్వరూ ముట్టుకోరు," అన్నాడు రంగనాథ్.

రాజారావు నైలు నదిని ఎంచుకున్నాడు. ఎంచుకోవడానికి కారణం భక్తి కాదు, ఒక పాత చిరాకు. నైలు ఈజిప్టును పోషించిందని ప్రతి పాఠ్యపుస్తకమూ రాస్తుంది. నది ఒక తల్లి అయినట్టు, నాగరికత ఆమె ఒళ్ళో పాలు తాగుతూ పెరిగిన బిడ్డ అయినట్టు రాస్తుంది. నదికి పోషించే ఉద్దేశం లేదు. ఎక్కడో ఇథియోపియా కొండల మీద వాన కురుస్తుంది, నీరు నల్లమట్టిని మోసుకొని ఉత్తరానికి వస్తుంది, ఎడారి మధ్య సన్నటి నేలను ముంచుతుంది. ఊరుకుంటే ఆ నీరు సముద్రంలోకి పోతుంది, లేదా ఊళ్ళను తుడిచిపెడుతుంది. ఊరుకోని మనుషులు కొందరు గట్లు వేశారు. పొలాన్ని మడులు మడులుగా విడగొట్టి, వరదను వాటిలోకి రానిచ్చి, నేల నానేదాకా ఆపి, మళ్ళీ నదిలోకి వదిలారు. ఆ బురదలో గోధుమ, బార్లీ చల్లారు. వరద వెళ్ళాక కాలువలు పూడిపోయేవి. ఏటా మళ్ళీ తవ్వారు. ఇంకొకవైపు పూజారులు నది ఒడ్డున మెట్లు కట్టుకొని, నీరు ఎన్ని మెట్లు ఎక్కిందో చూసుకొని, ఆ ఏడు పంట ఎంత పండుతుందో, పన్ను ఎంత లాగవచ్చో ముందే లెక్కగట్టి, పైకి వచ్చి దేవుడు కరుణించాడని చెప్పారు. గుళ్ళు నిలిచాయి, సమాధులు నిలిచాయి. తవ్వినవాళ్ళ పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు.

ఇదే నాటిక. మధ్యలో తవ్వే దృశ్యం, అది దాని గుండెకాయ. చివర్లో తవ్వేవాడి కూతురు పూజారుల మెట్లు దిగి, నీటిగుర్తు చదివి, ఊరందరికీ వినబడేలా అరిచి చెబుతుంది. ఆ వేషం మనవరాలు స్పందన వేస్తానంది. ఆరో తరగతి చదువుతున్న ఆ పిల్లకు ఫారో అక్కర్లేదు. "కింగ్‌కి లైన్సే లేవు తాతా. జస్ట్ స్టాండింగ్ ఓన్లీ," అంది.

తవ్వేవాళ్ళ సంగతి రంగనాథ్ తేల్చాడు. "మన వర్క్ పర్మిట్ కుర్రాళ్ళున్నారు కదా మాస్టారూ. కన్‌స్ట్రక్షన్ వాళ్ళు. వాళ్ళకైతే మేకప్ కూడా అక్కర్లేదు."

రాజారావు ఆ మాటకు మండిపడ్డాడు. సలహాను మాత్రం తీసుకున్నాడు. రెండూ ఒకేసారి చెయ్యవలసి రావడం ఆయనకు చాలాకాలం మింగుడుపడలేదు.

అలా వచ్చాడు ఏసుబాబు, తన డార్మిటరీ స్నేహితులను వెంటబెట్టుకొని. రాజోలు దగ్గర లంక గ్రామం వాళ్ళది. వారమంతా కొత్త కట్టడాల దగ్గర ఇనుము వంచి, దొరికిన ఒక్క ఆదివారం సుస్మిత వాళ్ళ బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ అంతస్తులో, గాలిని తవ్వడానికి వచ్చేవాడు.

"పార లేకుండా తవ్వడం ఇదే ఫస్టండీ మాస్టారూ," అనేవాడు. "ఆయ్, నడుం మాత్రం అంతే నొప్పెడతంది."

"నటన కదా, అంత వంగనక్కర్లేదు."

"వంగకపోతే మా ఆవిడ రాధ నమ్మదండి. దానికి క్యాసెట్టు పంపుతానని చెప్పేసేను. నేనేం పని చేత్తానో దానికి ఎప్పుడూ చూపించలేదండి. ఫొటోలన్నీ బీచిలోనో, కారు పక్కనో దిగినియ్యే పంపేను. వేరేవాళ్ళ కారండి." పక్కవాళ్ళు గొల్లున నవ్వారు. "ఈసారి సూత్తది. వేషమే అనుకుంటది, అనుకోనీండి."

"నీ క్యాసెట్టుకు నాది పూచీ," అన్నాడు రాజారావు.

ఆయన మాట ఇచ్చేది అరుదు. ఇస్తే మరిచిపోయేవాడు కాడు.

విక్రమ నామ సంవత్సర ఉగాది వెళ్ళాక వచ్చిన ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అందరూ టాంపినీస్‌లో అద్దెకు తీసుకున్న హాలుకు చేరారు. రెండింటికల్లా ఖాళీ చెయ్యాలి. తరువాత అక్కడే ఒక మలయ్ కుటుంబం వారి పెళ్ళి విందు. ముందు వరుస కుర్చీల మీద ఎవరో అప్పటికే టిష్యూ పొట్లాలు పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో చెప్పాలంటే చోప్ చేసుకున్నారు, అంటే చోటు పట్టేసుకున్నారు. పిల్లలు వేషాలతో సిద్ధంగా ఉన్నారు. ఏసుబాబు బృందం గోచీలు బిగించి వేదిక వెనక కూర్చుంది. కార్యక్రమం మాత్రం మొదలు కాలేదు.

"వర్జ్యం ఉంది మాస్టారూ," అన్నాడు రంగనాథ్, చేతిలో కొత్త పంచాంగం తిరగేస్తూ. "తొమ్మిది నుంచి పదిన్నర. అది వెళ్ళాకే దీపం. ఇవాళ మనకి వెబ్‌సైట్ లాంచ్ ఉంది, రిస్క్ తీసుకోలేం."

హైదరాబాదు నుంచి ముఖ్య అతిథిగా వస్తున్న తిరుమలరావు, తెలుగువాళ్ళకు పచ్చళ్ళ నుంచి పట్టుచీరల దాకా ఇంటర్‌నెట్‌లో అమ్మే కంపెనీ పెట్టాడు. దాన్ని ఈ వేదిక మీదే, మౌస్ నొక్కి ప్రారంభిస్తాడు. మండలికి ఆ ఏడాది ఖర్చంతా ఆయనదే.

రాజారావు పంచాంగం అట్ట మీదికి చూశాడు. విజయవాడకు గణించినది. అందులోని గంటలు విజయవాడ గోడగడియారం గంటలు. సింగపూర్ గడియారం దానికంటే రెండున్నర గంటలు ముందుంటుంది. విజయవాడలో తొమ్మిదయ్యేసరికి ఇక్కడ పదకొండున్నర. అంటే వీళ్ళు లేని వర్జ్యానికి భయపడి చేతులు ముడుచుకొని కూర్చున్నారు. ఉన్న వర్జ్యం ఇంకా రాలేదు. ఆయనకు లోపల నవ్వు పొంగింది. చెబుదామనుకొని మానుకున్నాడు. తప్పు లెక్కతో నమ్మినా, సరైన లెక్కతో నమ్మినా నమ్మకం నమ్మకమే. దానికి తాను దిద్దుబాటు చెయ్యడమెందుకు? సాయంత్రం స్పందనకు చెప్పి నవ్వించవచ్చు.

పదిన్నర అయింది. ముఖ్య అతిథి రాలేదు. వచ్చేసరికి పదకొండున్నర దాటింది. దీపం వెలిగించారు, ప్రార్థన పాడారు, ఉగాది పచ్చడి పంచారు, వరుసగా ఉపన్యాసాలు చేశారు. రంగనాథ్ గొంతు సవరించుకొని పంచాంగ శ్రవణం మొదలుపెట్టాడు. ఈ ఏడు రాజెవరు, మంత్రెవరు, మేఘాధిపతి ఎవరు, కురిసే వానలో సముద్రం మీద పడేదెంత, కొండల మీద పడేదెంత, నేల మీద పడేదెంత. కాలువ అన్నది చూడకుండా పెరిగిన పిల్లలు, తాగే నీళ్ళలో సగం పక్క దేశం నుంచి గొట్టాల్లో వచ్చే ఊళ్ళో కూర్చొని, శ్రద్ధగా విన్నారు. నైలు పూజారి మోసగాడే కావచ్చు, అనుకున్నాడు రాజారావు. కనీసం మెట్లు దిగి, కాళ్ళు తడుపుకొని కొలిచాడు.

పంచాంగం ముగిశాక రంగనాథ్ వేదిక పక్కకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలోనే విషయం ఉంది.

"మాస్టారూ, టైం అయిపోయింది. మీరు పెద్దవారు, అర్థం చేసుకుంటారు. డ్యాన్స్ టీచర్ కాత్యాయని గారి నదీదేవత డ్యాన్స్ ఒక్కటి ఉంచేద్దాం, ఏడు నిమిషాలు. పిల్లల్ని ఫారో గెటప్‌లో ఒకసారి స్టేజి మీద నడిపించేద్దాం. పేరెంట్స్ హ్యాపీ. ఆ తవ్వే సీన్ మాత్రం…"

"మాత్రం?"

"లెంగ్త్ ఎక్కువ కదా మాస్టారూ. తవ్వడమే తవ్వడం. పైగా చూసేవాళ్ళకి, పండగ పూట…"

"రంగనాథ్ గారూ, దేవతను తీసేసినా నాటిక ఉంటుంది. తవ్వడం తీసేస్తే ఈజిప్టే ఉండదు."

"అయ్యో, దేవత లేకపోతే నది ఎలా వస్తుంది మాస్టారూ!" అంది కాత్యాయని, నెత్తిన బిందెతో సిద్ధంగా ఉన్న పిల్ల పక్కన నిలబడి. ఈజిప్టువాళ్ళ నదీదేవుడు బానపొట్టతో, జారిన రొమ్ములతో ఉండే మగవాడని రాజారావు ఆమెకు ఎప్పుడో చెప్పాడు. ఏ తల్లీ తన పిల్లను ఆ రూపంలో చూడ్డానికి ఒప్పుకోలేదని ఆమె కూడా అప్పుడే చెప్పింది.

"మీకు సన్మానం పెట్టాం మాస్టారూ," అన్నాడు రంగనాథ్ బుజ్జగింపుగా. "ధర్మవరం శాలువా. డ్యాన్స్ అవ్వగానే మిమ్మల్నే పిలుస్తాను."

అంటే తవ్వే దృశ్యానికి లేని సమయం తన భుజాల మీద గుడ్డ కప్పడానికి ఉంది. రాజారావు కళ్ళజోడు తీశాడు. వేదిక వెనక ఏసుబాబు లేచి నిలబడి ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. "లేదంటండి," అన్నాడు పక్కవాళ్ళతో, ఎవరూ చెప్పకుండానే. ఒకడు తలపాగా విప్పి చొక్కా వెతుక్కోసాగాడు.

రాజారావును మరో సంగతి పొడిచింది. పొద్దున తాను నవ్వుకొని ఊరుకోకుండా ఆ రెండున్నర గంటల సంగతి చెప్పి ఉంటే, వీళ్ళు హడావిడిగా తొమ్మిదింటికే మొదలుపెట్టేవాళ్ళు. ఈపాటికి కాలువ తవ్వడం పూర్తయి ఉండేది.

డ్యాన్స్ అయింది. మైకు ఆయన పేరు పిలిచింది. తిరుమలరావు శాలువా కప్పాడు, ఫొటోకు ముఖం తిప్పాడు. వెంటనే ఇద్దరు కుర్రవాళ్ళు కంప్యూటర్‌ను బల్లతో సహా మోసుకొచ్చి వేదిక మధ్యలో పెట్టారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. హాలు లేచి నిలబడింది. తిరుమలరావు కళ్ళు మూసుకొని ఏదో స్మరించి, మౌస్ మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు రాజారావు. సన్మానానికి బదులుగా రెండు మాటలు చెప్పమని ఇచ్చిన మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "రంగనాథ్ గారూ, పొద్దున పదిన్నర దాకా ఇంతమందిని ఎందుకు కూర్చోబెట్టారు?"

"వర్జ్యం కదా మాస్టారూ…"

"ఏ ఊరి పంచాంగం ప్రకారం?"

"విజయవాడ. ఒరిజినల్. మొన్ననే మావాడు తెచ్చాడు."

"విజయవాడలో తొమ్మిదైతే సింగపూర్‌లో ఎంత?"

హాల్లో ఉన్న మగవాళ్ళలో సగంమంది హైదరాబాదు ఆఫీసులతో రోజూ ఫోన్లో మాట్లాడేవాళ్ళు. ఒక్క రోజు కూడా ఒక్క నిమిషం తప్పరు. వెనక వరుస నుంచి ఎవడో అలవాటుగా జవాబిచ్చాడు. "పదకొండున్నర!"

"పదిన్నర అయితే?"

"ఒంటిగంట!"

"మరి ఇప్పుడు?"

హాలు హాలంతా మణికట్లు తిప్పి చూసుకుంది. పన్నెండుంపావు. తిరుమలరావు నిప్పు తగిలినట్టు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"కాబట్టి నేను చెప్పేదేమిటంటే," అన్నాడు రాజారావు గొంతు పెంచి, "మీ లెక్క ప్రకారమే దీపం వర్జ్యంలో వెలిగించారు. పచ్చడి వర్జ్యంలో తిన్నారు. ఏమైంది? ఏమీ కాలేదు. మంచి సమయమంతా భయంతో ఊరికే కూర్చున్నారు, చెడు సమయమంతా ధైర్యంగా పండగ చేసుకున్నారు. దీన్నిబట్టి ఈ వర్జ్యమనేది…"

ఆయన జీవితమంతా ఈ వాక్యం కోసం ఎదురుచూశాడు. దాన్ని ఎవరూ వినలేదు. మొదటి సగం అందరి గుండెల్లోనూ దిగింది, రెండో సగానికి చోటు మిగల్లేదు. తిరుమలరావు రంగనాథ్ మోచేయి పట్టుకొని పక్కకు లాగాడు.

"ఏంటయ్యా ఇది! ఇందులో ఇన్వెస్టర్ల డబ్బు ఉంది. దేవుడిలా ఆయన ఆపాడు గానీ, నొక్కేసేవాణ్ణి!"

"అందుకే సార్, పెద్దవాళ్ళుండాలనేది." రంగనాథ్ ముఖం పాలిపోయింది. అతను రాజారావు వైపు తిరిగి, ఆపేలోగా వంగి పాదాలకు దణ్ణం పెట్టేశాడు. "ఎంత అపచారం తప్పించారు మాస్టారూ! మీరు హేతువాది అంటారు గానీ, మీకు తెలియని శాస్త్రం లేదు."

"లేవండి! నేను చెప్పింది అది కాదు!"

"ఒంటిగంట దాకా ఆగుదాం," అంటున్నాడు తిరుమలరావు. "ఈలోపు ఏదో ఒకటి నడిపించండి."

"ఇంకో డ్యాన్స్ ఉందండీ, లక్ష్మీదేవి మీద," అంది కాత్యాయని.

"వర్జ్యంలో లక్ష్మీదేవా!" రంగనాథ్ అదిరిపడ్డాడు. "శుభమైనది ఏదీ వద్దు. మన ప్రోగ్రాంలో శుభం కానిది ఏముంది? ఆలోచించండి, ఆలోచించండి…" ఒక్కసారిగా అతని ముఖం వెలిగింది. "తవ్వే సీన్! మాస్టారూ, మీ తవ్వే సీన్ ఉందిగా! తవ్వడం శుభకార్యం కాదు, ఏమీ కాదు. వర్జ్యానికి సరిగ్గా సరిపోతుంది!"

రాజారావుకు ఒళ్ళంతా మంటపుట్టింది. మేడ కట్టేముందు మంత్రిగారు వెండి తాపీతో గుప్పెడు మట్టి తీస్తే దానికి శంకుస్థాపన అని పేరుపెట్టి పురోహితుడి చేత ముహూర్తం పెట్టిస్తారు. మిగిలిన గొయ్యంతా తవ్వినవాడికి మాత్రం వర్జ్యం సరిపోతుంది. కాదనాలి. మైకు విసిరికొట్టి, శాలువా వాళ్ళ బల్ల మీద పడేసి, మనవరాలి చెయ్యి పట్టుకొని బయటికి నడవాలి. అలా నడిచిపోవడం ఆయనకు కొత్త కాదు. భీమవరంలో చాలా సభల్లోంచి అలాగే నడిచిపోయాడు, ప్రతిసారీ తలెత్తుకొనే.

"మొత్తం వేసెయ్యొచ్చాండీ?" అన్నాడు ఏసుబాబు తెర పక్కనుంచి. తలపాగా మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

రాజారావు కోపాన్ని ముద్దలా మింగాడు. "మొత్తం. ఒక్క మాట కూడా వదలకండి."

వాళ్ళు తవ్వారు. పార లేదు, మట్టి లేదు. వంగిన వీపులూ, లేచి పడే చేతులూ, రాజోలు లంకల్లో పడవలు లాగేటప్పుడు పాడుకునే పాటలాంటి ఒక ఊపు. మొదట హాల్లో సగం మంది భోజనాల గురించి మాట్లాడుకుంటున్నారు. తరువాత మాటలు పలచబడ్డాయి. తట్ట ఒకడి నెత్తి మీంచి ఇంకొకడి నెత్తి మీదికి మారినప్పుడల్లా వేదిక చెక్కలు దడదడమన్నాయి. గట్టు తెగినప్పుడు ఏసుబాబు దానికి అడ్డంగా పడుకుంటాడు. అది రాజారావు రాయలేదు, రిహార్సల్లో అతనే కలిపాడు. "మట్టి వెయ్యండ్రా, నా మీదే వెయ్యండి!" అని అతను అరిస్తే ముందు వరుసలో ఒక ఫారో కిరీటం ఊడిపోయేలా లేచి నిలబడ్డాడు.

అప్పుడు రాజారావు చూశాడు. వీడియో కుర్రవాడు కెమెరాను కాళ్ళ దగ్గర పెట్టుకొని పచ్చడి కప్పు నాకుతున్నాడు.

ఆయన వరుసల మధ్యనుంచి దాదాపు పరుగెత్తాడు. "తియ్యడం లేదేం?"

"టేప్ సేవ్ చేస్తున్నా అంకుల్. లాంచ్‌కి కావాలి కదా. రంగనాథ్ సార్ చెప్పారు, ఇది ఫిల్లర్ అని."

"తియ్యి."

"సార్‌ని అడిగి…"

రంగనాథ్ హాలుకు ఆ చివర ఉన్నాడు. వేదిక మీద ఏసుబాబు గట్టు మీంచి లేస్తున్నాడు. న్యాయం చెప్పడానికి సమయం లేదు. చెప్పినా ఈ కుర్రవాడు వింటాడన్న ఆధారం లేదు. రాజారావు వంగి అతని చెవిలో, శాస్త్రం చెప్పే గొంతుతో అన్నాడు: "వర్జ్యం మధ్యలో ఆపిన యంత్రం మళ్ళీ సరిగ్గా పనిచెయ్యదు. తరువాత నీ ఇష్టం."

కుర్రవాడు కప్పు పడేశాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

రాజారావు అక్కడే నిలబడ్డాడు. తాను ఇప్పుడేం చేశాడో ఆయనకు కచ్చితంగా తెలుసు. పొద్దున్నుంచీ చెప్పినదంతా నిజం; దాన్ని ఎవరూ పూర్తిగా వినలేదు. చెప్పిన అబద్ధం ఒక్కటే; అది క్షణంలో పనిచేసింది. వేదిక మీద స్పందన పూజారుల మెట్లు దిగి, అట్టముక్క మీది గీత చదివి, గుండెల నిండా గాలి పీల్చి అరుస్తోంది: "నీళ్ళు పదహారు మూరలు! ఇది దేవుడు చెప్పలేదు! నేను చూశాను! మీరూ వచ్చి చూడండి!"

తాత రాసిన మాటలే. తాతే తలదించుకున్నాడు.

చప్పట్లు బాగానే కొట్టారు. ఒంటిగంట దాటగానే తిరుమలరావు మౌస్ నొక్కాడు. ఇంటర్‌నెట్ నెమ్మదిగా ఉండి చాలాసేపు ఏమీ రాలేదు, వచ్చాక మళ్ళీ చప్పట్లు కొట్టారు. వెలుపల మలయ్ పెళ్ళివాళ్ళ కొంపాంగ్ డప్పులు అప్పటికే మొదలయ్యాయి. హాలు ఖాళీ చెయ్యాలి.

"ఏసుబాబూ!" రంగనాథ్ కేకేశాడు. "మీవాళ్ళతో ఈ కుర్చీలన్నీ మడిచి గోడకి పెట్టించెయ్. తర్వాత భోంచేద్దురు గాని."

ఏసుబాబు వాళ్ళు గోచీలతోనే కుర్చీల వైపు నడిచారు. ఎవరికీ అందులో వింత కనిపించలేదు, వాళ్ళకు కూడా.

రాజారావు ముందు ఈలోగా ఒక వరుస తయారైంది. మొదట ఒక ప్రోగ్రామరు. "అంకుల్, పాసిర్ రిస్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. గృహప్రవేశం ముహూర్తం ఇండియా నుంచి పెట్టించాం. మీరొకసారి టైం చూసి చెబితే…" అతని వెనక ఒక దంపతులు, పిల్ల అన్నప్రాశన. వాళ్ళ వెనక మరొకరు, కొత్త కారు.

"రెండున్నర గంటలు కలుపుకోండి," అన్నాడు రాజారావు, అందరికీ వినిపించేలా. "అంతే. ఇందులో రహస్యం లేదు. నన్ను అడగక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. అసలు ఆ టైం చూడనే అక్కర్లేదు."

"అది తెలుసంకుల్," అన్నాడు ప్రోగ్రామరు మర్యాదగా. "కానీ మీ నోటితో చెబితే ఒక ధైర్యం."

వరుస కదల్లేదు. ఇంకొంచెం పొడుగయింది.

రాజారావు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. గోడ దగ్గర ఏసుబాబు చంకల్లో నాలుగేసి కుర్చీలు ఇరికించుకొని వెళుతున్నాడు. వీపు మీద నాటకం చెమట ఇంకా ఆరలేదు. రాజారావు పక్కనున్న ఒక కుర్చీని లాగి ప్రోగ్రామరు ముందు నిలబెట్టాడు.

"ముహూర్తం కావాలా?"

"అవునంకుల్."

"అయితే ఇది మడువు. దీని తరువాత ఆ వరుసంతా. అయ్యాక వచ్చి అడుగు, చెబుతాను."

ప్రోగ్రామరు నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఒంగి కుర్చీ మడిచాడు. ఎలా మడవాలో తెలియక వేలు నొక్కుకున్నాడు. వెనక ఉన్న దంపతులు చెప్పించుకోకుండానే తలా ఒకటి అందుకున్నారు. చూస్తుండగానే హాల్లో ఖరీదైన కుర్తాలు కుర్చీల మీదికి వంగాయి. చేతిలో పనిని ఎవరో లాక్కుంటుంటే ఏసుబాబు కంగారుపడ్డాడు.

"అదేటండీ, మీరెందుకండీ… మేం చేత్తాం కదండీ!"

"నువ్వు వెళ్ళి అన్నం తిను ఏసుబాబూ. వేడిగా ఉన్నప్పుడే తిను. క్యాసెట్టు రేపు నేను తెచ్చిస్తాను. మొత్తం ఉంది అందులో," అన్నాడు రాజారావు. గట్టు తెగిన తరువాతే ఉందన్న సంగతి ఆయన చెప్పలేదు.

స్పందన ఈజిప్టు వేషంలోనే వచ్చి ఆయన పక్కన నిలబడింది. కళ్ళ చుట్టూ కాటుక చెమటకు కారిపోయి ఉంది. కుర్చీలు మడిచేవాళ్ళను, ముహూర్తం కోసం నిలబడ్డవాళ్ళను, ఆయన భుజం మీది శాలువాను మార్చి మార్చి చూసింది.

"తాతా," అంది, "సో నౌ యూ ఆర్ ద ప్రీస్ట్, ఈజ్ ఇట్?"

బయట డప్పులు గుమ్మం దాకా వచ్చేశాయి. రాజారావు శాలువా తీసి, మిగిలిపోయిన చివరి కుర్చీ మీద వేయబోయి, వెయ్యకుండా చంకలో పెట్టుకొని, ఆ కుర్చీని తానే మడవసాగాడు.